విశాఖ పేరు మోసే డిస్ట్రాయర్

ఐఎన్ఎస్ విశాఖపట్నం భారత నౌకాదళంలోని సరికొత్త తరం డిస్ట్రాయర్లలో మొదటిది. ముంబయిలోని మజగావ్ డాక్ కట్టిన ఈ యుద్ధనౌక 2021 నవంబర్ 21న రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ సమక్షంలో దళంలో చేరింది. పొడవు 163 మీటర్లు, వెడల్పు 17 మీటర్లు, బరువు సుమారు 7,400 టన్నులు. వేగం 30 నాట్లు దాటుతుంది, అంటే గంటకు 55 కిలోమీటర్ల పైమాటే. అధికారులూ నావికులూ కలిసి సుమారు మూడు వందల మంది ఇందులో పనిచేస్తారు. నౌక చిహ్నం మీద డాల్ఫిన్స్ నోస్ కొండ మీది లైట్‌హౌసూ, నీలి తెల్లని అలల పైన కృష్ణజింకా ఉంటాయి. ఒడిశాలోని గంజాం జిల్లాలో భేటనయి, బలిపదర్ పరిసర గ్రామాల రైతులు పంట నష్టాన్ని ఓర్చుకుని మరీ తరతరాలుగా కాపాడుకుంటూ వస్తున్నది ఈ జింకనే.

ఈ నౌక వచ్చిన ఏడాదిలోనే, ఆరు నెలల ముందు, ఐఎన్ఎస్ రాజ్‌పుత్ అనే పాత డిస్ట్రాయర్ విశాఖపట్నం డాక్‌యార్డులో విశ్రాంతి తీసుకుంది. సోవియట్ యూనియన్ దగ్గర కొన్న నౌక అది. దాన్ని నడుపుతూ, బాగుచేసుకుంటూ, దాని మీద కొత్త క్షిపణులు బిగించి పరీక్షిస్తూ నేర్చుకున్న పనితనమే విశాఖపట్నం నౌక దాకా తీసుకొచ్చింది. అందుకే కొత్త నౌక గురించి చెప్పాలంటే పాత నౌక దగ్గర మొదలుపెట్టక తప్పదు.

డిస్ట్రాయర్ అనే తరగతి పందొమ్మిదో శతాబ్దం చివర పుట్టింది. టార్పెడోలు మోసుకుని వేగంగా దూసుకొచ్చే చిన్న పడవలు అప్పట్లో పెద్ద యుద్ధనౌకలకు ప్రాణగండంగా తయారయ్యాయి. వాటిని వెంటాడి ముంచడానికి కట్టిన వేగవంతమైన నౌకలే మొదటి డిస్ట్రాయర్లు. తర్వాత వాటి మీద పనిభారం పెరుగుతూ పోయింది. మొదట జలాంతర్గాములను వేటాడే పని, ఆ తర్వాత విమానాలను కూల్చే పని, చివరికి క్షిపణుల పని కూడా వాటికే వచ్చి చేరాయి. ఈనాటి డిస్ట్రాయర్ ఒంటరిగా వేల మైళ్లు పోగలదు. విమాన వాహక నౌక వెంట ఉంటే దానికి కవచంగా నిలుస్తుంది.

విశాఖ తీరానికి రాజ్‌పుత్ అనే పేరు 1971 భారత్-పాక్ యుద్ధం నుంచే పరిచయం. అప్పటి రాజ్‌పుత్ రెండో ప్రపంచ యుద్ధ కాలపు బ్రిటిష్ డిస్ట్రాయర్. 1949లో భారత్‌కు వచ్చింది. విమాన వాహక నౌక విక్రాంత్‌ను వెతుక్కుంటూ పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ బంగాళాఖాతంలోకి చొరబడినప్పుడు, విక్రాంత్ విశాఖ దగ్గరే ఉన్నట్టు నమ్మించే పని ఈ ముసలి నౌకకు అప్పగించారు. డిసెంబర్ 3, 4 తేదీల మధ్య రాత్రి ఘాజీ విశాఖ రేవు బయట మునిగిపోయింది. రాజ్‌పుత్ వదిలిన డెప్త్ ఛార్జీలే ముంచాయని భారత నౌకాదళం అంటే, జలాంతర్గామి లోపలో పక్కనో జరిగిన ప్రమాదవశాత్తు పేలుడే కారణమని పాకిస్తాన్ అంటూ వచ్చింది. ఆ యుద్ధ విజయానికి గుర్తుగా కట్టిన ‘విక్టరీ ఎట్ సీ’ స్మారకం విశాఖ బీచ్ రోడ్డులో ఉంది. ఆ పాత రాజ్‌పుత్ సేవ ముగిశాక పేరు రెండో రాజ్‌పుత్‌కు దక్కింది.

రెండో రాజ్‌పుత్ పుట్టిన ఊరు నల్లసముద్రం దగ్గరి మైకొలయివ్. అప్పుడది సోవియట్ యూనియన్‌లోది, ఇప్పుడు ఉక్రెయిన్‌లోది. ఈ ఊరి పేరు ఈ కథలో మళ్లీ మళ్లీ వస్తుంది. 1980 మే 4న జార్జియాలోని పోటి రేవులో, సోవియట్ యూనియన్‌లో భారత రాయబారిగా ఉన్న ఐ.కె.గుజ్రాల్ ఆ నౌకను భారత నౌకాదళంలోకి తీసుకున్నారు. మొదటి కెప్టెన్ గులాబ్ మోహన్‌లాల్ హీరానందాని. దీని మూలం సోవియట్ కాషిన్ తరగతి. పూర్తిగా గ్యాస్ టర్బైన్లతోనే నడిచే పెద్ద యుద్ధనౌకలు ప్రపంచంలో మొదట అవే. ఆ టర్బైన్ల కూతకు సోవియట్ నావికులు వాటికి ‘పాడే నౌకలు’ అని ముద్దుపేరు పెట్టుకున్నారు.

రాజ్‌పుత్ 1988 జూన్ దాకా ముంబయిలో ఉండి, అక్కడి నుంచి విశాఖకు మారి తూర్పు నౌకాదళంలో చేరింది. శ్రీలంక తీరంలో ఆపరేషన్ పవన్ సమయంలో గస్తీ తిరిగింది. మాల్దీవులలో తిరుగుబాటును అణచిన ఆపరేషన్ కాక్టస్‌లోనూ దాని సేవలున్నాయి. అయితే ఆ నౌక అసలు ఘనత యుద్ధంలో కన్నా పరీక్షల్లోనే ఎక్కువ. భారత్, రష్యా కలిసి తయారుచేసిన బ్రహ్మోస్ క్షిపణిని మొట్టమొదట 2001 జూన్ 12న ఒడిశాలోని చాందీపూర్ తీరం నుంచి ప్రయోగించారు. అది నేల మీది ప్రయోగం. కదిలే నౌక మీంచి, ఉప్పుగాలిలో, అటూ ఇటూ ఊగే డెక్ మీంచి అదే క్షిపణి సరిగ్గా పోతుందా అన్న ప్రశ్నకు 2003లో బంగాళాఖాతంలో జవాబిచ్చింది రాజ్‌పుతే. దాని రెండు పక్కలా ఉన్న పాత సోవియట్ క్షిపణి గొట్టాలను కొన్నిటిని తీసేసి, ఆ చోట బ్రహ్మోస్ పెట్టెలు బిగించారు. పృథ్వి క్షిపణికి నౌకాదళ రూపమైన ధనుష్‌ను కూడా 2005లో దీని మీంచే ప్రయోగించారు. రాజ్‌పుత్ తోబుట్టువు రణవీర్ 2008 డిసెంబర్‌లో బ్రహ్మోస్‌ను నిట్టనిలువుగా పైకి వదిలింది. ఏటవాలు గొట్టం ఎటు చూస్తుందో క్షిపణి అటే బయల్దేరుతుంది. నిలువు గొట్టంలో ఉన్నది ముందు పైకి లేచి, గాలిలో మలుపు తీసుకుని ఏ దిక్కుకైనా పోతుంది. పైగా నిలువు గొట్టాలు డెక్ కింద ఇమిడిపోతాయి. ఈనాటి డిస్ట్రాయర్లు చాలావరకు ఈ పద్ధతికే మారాయి.

నలభై ఒక్క ఏళ్లలో 31 మంది కెప్టెన్ల చేతుల మీదుగా రాజ్‌పుత్ 7,87,194 నాటికల్ మైళ్లు తిరిగింది. భూమి చుట్టూ ముప్పై ఆరున్నర ప్రదక్షిణలకు సమానమని నౌకాదళం లెక్క చెప్పింది. 2021 మే 21న, కోవిడ్ రెండో విడత ఉద్ధృతంగా ఉన్న రోజుల్లో, విశాఖలో ఉన్న కొద్దిమంది నావికుల మధ్య హంగూ ఆర్భాటం లేకుండా దాని జెండా దించారు. అంత సేవ చేసిన నౌకకు పెద్ద వీడ్కోలే దక్కాల్సింది. రోజులు అలాంటివి.

రాజ్‌పుత్ సేవలో ఉండగానే ముంబయిలో మరో పని సాగింది. మజగావ్ డాక్ కట్టిన ఐఎన్ఎస్ ఢిల్లీ 1997 నవంబర్‌లో దళంలో చేరింది. నౌక గీతలు మన నౌకాదళ డిజైన్ విభాగానివి, ఆయుధాలు చాలావరకు రష్యావి. 2014 ఆగస్టులో ఐఎన్ఎస్ కోల్‌కతా వచ్చేసరికి రాడార్, నిలువు గొట్టాలు, క్షిపణులు అన్నీ మారిపోయాయి. ఆ కోల్‌కతాకు మెరుగులు దిద్దిన రూపమే విశాఖపట్నం. నాలుగు నౌకలకు 2011 జనవరిలో ఒప్పందం కుదిరింది. 2013 అక్టోబర్‌లో విశాఖపట్నం నౌకకు అడుగు దూలం వేశారు, 2015 ఏప్రిల్ 20న నీళ్లలోకి దించారు. నీళ్లలోకి దించాక కూడా నౌక లోపల చేయాల్సిన పని కొండంత ఉంటుంది. తీగలు, గొట్టాలు, యంత్రాలు, ఆయుధాలు ఒక్కొక్కటే బిగించుకుంటూ పోవాలి. 2019 జూన్‌లో ఆ పని నడుస్తుండగా నౌకలో మంటలు లేచి ఒక కార్మికుడు ప్రాణాలు కోల్పోయాడు. యుద్ధనౌక లెక్కలు చెప్పేటప్పుడు ఇలాంటి ప్రాణాన్ని కూడా కలుపుకుని చెప్పడమే న్యాయం. ఆ తర్వాత రెండేళ్లకు గాని నౌక చేతికి రాలేదు. మిగతా మూడు నౌకల్లో మోర్ముగావ్ 2022లో, ఇంఫాల్ 2023లో, సూరత్ 2025 జనవరి 15న చేరాయి.

ఈ నౌకను దూరం నుంచి చూస్తే ముందుగా కంటపడేది దాని మస్తూలు. పాత నౌకల్లో రాడార్ పళ్లెం గిరగిరా తిరుగుతూ ఉంటుంది. అది ఒక చుట్టు తిరిగి వచ్చేదాకా ఆ దిక్కున ఏం జరిగిందో తెలియదు. విశాఖపట్నం మస్తూలుకు నాలుగు వైపులా నాలుగు పలకలు కదలకుండా బిగించి ఉంటాయి. ఒక్కో పలకలో చిన్న చిన్న రేడియో భాగాలు అనేకం. కిరణాన్ని తిప్పడానికి పలక కదలనక్కర్లేదు, ఆ భాగాల మధ్య సంకేతాల వరుసను మారిస్తే చాలు. దాంతో నాలుగు దిక్కులనూ ఎడతెగకుండా చూడవచ్చు, చాలా లక్ష్యాలను ఒకేసారి వెంటాడవచ్చు.

ఇంత హడావుడి ఎందుకో చిన్న లెక్క వేస్తే తెలుస్తుంది. భూమి గుండ్రంగా ఉండడం వల్ల, పాతిక మీటర్ల ఎత్తున ఉన్న రాడార్‌కు పది మీటర్ల ఎత్తున అలల మీదుగా వచ్చే క్షిపణి ముప్పై నుంచి ముప్పై అయిదు కిలోమీటర్ల దూరంలోకి వచ్చాక గాని కనిపించదు. ధ్వనికి రెండున్నర రెట్లు మించిన వేగంతో వచ్చే క్షిపణి ఆ దూరాన్ని అర నిమిషం అటూ ఇటూగా దాటేస్తుంది. ఆ లోపే దాన్ని గుర్తించాలి, శత్రువుదో కాదో తేల్చాలి, దారి లెక్కగట్టాలి, ఎదురు క్షిపణి వదలాలి. మొదటిది తప్పితే రెండోదానికి కూడా సమయం మిగలాలి. డిస్ట్రాయర్ ఖరీదులో పెద్ద వాటా ఈ అర నిమిషం కోసమే పెడుతున్నారు.

ఎదురు దెబ్బ తీయడానికి ఇజ్రాయెల్‌తో కలిసి అభివృద్ధి చేసిన బరాక్-8 క్షిపణులు 32, శత్రు నౌకల మీదికి పంపడానికి బ్రహ్మోస్‌లు 16 డెక్ కింద నిలువు గొట్టాల్లో ఉంటాయి. ముందు భాగాన 76 మిల్లీమీటర్ల ఫిరంగి, దగ్గరికి వచ్చినవాటిని తూటాల వానతో ఆపే చిన్న తుపాకులు, జలాంతర్గాముల మీదికి టార్పెడోలు, రాకెట్లు, రెండు హెలికాప్టర్లకు చోటు ఉన్నాయి. వీటి వెనక తెలుగు నేల చెమట తక్కువేమీ కాదు. హైదరాబాద్‌లోని రక్షణ పరిశోధన ప్రయోగశాలలు, భారత్ డైనమిక్స్ కర్మాగారం మన క్షిపణులకు పుట్టినిళ్లు. బ్రహ్మోస్ భాగాల కూర్పు కేంద్రం కూడా అక్కడే ఉంది. విశాఖలో 1969లో మొదలైన నావల్ సైన్స్ అండ్ టెక్నలాజికల్ లేబొరేటరీ వరుణాస్త్ర టార్పెడోను రూపొందించింది. కట్టబోయే నౌకల నమూనాలను పొడవైన నీటి తొట్టిలో లాగి చూసి, నీళ్లు ఎంత అడ్డుపడతాయో కొలిచే పని కూడా ఆ లేబొరేటరీలో జరుగుతుంది.

నౌక ఎంత గొప్పదైనా నడిపేది మనుషులే. మన నౌకాదళంలో చేరే నావికులకు తొలి శిక్షణ గంజాం జిల్లాలోని బరంపురానికి ఉత్తరాన, రంభ, బలుగాం దాటాక, చిలికా సరస్సు ఒడ్డున ఉన్న ఐఎన్ఎస్ చిలికాలో మొదలవుతుంది. 1980 నుంచి నడుస్తున్న కేంద్రం ఇది. ఖుర్దా జిల్లాలో ఉన్నా గంజాం వాళ్లకు ఇరుగుపొరుగే. అగ్నివీరుల మొదటి జట్టు 2023 మార్చిలో అక్కడే శిక్షణ ముగించుకుని బయటికొచ్చింది, అందులో అమ్మాయిలు కూడా ఉన్నారు.

శిక్షణ ఎందుకు పనికొస్తుందో 2024 జనవరి చూపించింది. ఎర్రసముద్రం, ఏడెన్ సింధుశాఖల్లో యెమెన్ హౌతీలు వాణిజ్య నౌకల మీద క్షిపణులు, డ్రోన్లు వదులుతున్న రోజులవి. విశాఖపట్నం అక్కడ గస్తీలో ఉంది. జెన్కో పికార్డీ అనే సరుకు నౌక డ్రోన్ దెబ్బ తిన్నప్పుడు సాయానికి వెళ్లి, పేలుడు పదార్థాల నిపుణులను ఎక్కించి, ప్రమాదం లేదని తేల్చాక గాని వదల్లేదు. జనవరి 26 రాత్రి మరింత పెద్ద ఆపద వచ్చింది. మార్లిన్ లువాండా అనే చమురు నౌకకు క్షిపణి తగిలి నాఫ్తా ట్యాంకు అంటుకుంది. అందులో 22 మంది భారతీయులు, ఒక బంగ్లాదేశీయుడు ఉన్నారు. నాఫ్తా పెట్రోలులాగే భగ్గుమనే ద్రవం. పక్క ట్యాంకులకు పాకితే నౌకలో ఒక్కరూ మిగలరు. విశాఖపట్నం నుంచి పదిమంది నావికులు మంటలార్పే సామగ్రితో ఆ నౌక ఎక్కారు. దాని సిబ్బందితో కలిసి సుమారు ఆరు గంటలు పోరాడి మంటను అదుపులోకి తెచ్చారు. క్షిపణులు మోసే నౌక సేవలో ఇప్పటిదాకా చెప్పుకోదగ్గ ఘట్టం, ఒక్క క్షిపణీ వదలకుండా 23 మందిని కాపాడిన ఆ రాత్రే.

అదే ఏడెన్ సింధుశాఖలో చైనా డిస్ట్రాయర్లు కూడా తిరుగుతుంటాయి. సోమాలియా సముద్రపు దొంగలను అడ్డుకోవడానికి 2008 చివర భారత్, చైనా రెండూ అక్కడికి నౌకలు పంపడం మొదలుపెట్టాయి. చైనా మొదటి జట్టులో వూహాన్, హైకౌ అనే రెండు డిస్ట్రాయర్లు ఉన్నాయి. 2017లో జిబూతీలో స్థావరం కూడా పెట్టుకుంది. చైనా నడిచిన దారి మన దారికి దగ్గరగానే మొదలైంది. 1999 చివరి నుంచి రష్యా దగ్గర నాలుగు సోవ్రెమెన్నీ డిస్ట్రాయర్లు తీసుకుంది. ఈలోగా సొంతంగా కడుతూ, 2004లో నాలుగు కదలని రాడార్ పలకలున్న లాంఝౌను దళంలో చేర్చింది. 2014లో వచ్చిన కున్‌మింగ్‌తో టైప్ 052డి తరగతి మొదలైంది. 64 నిలువు గొట్టాలతో బరువులో విశాఖపట్నానికి ఇంచుమించు సమానమైన నౌక అది. 2020 జనవరిలో నాన్‌చాంగ్ అనే టైప్ 055 వచ్చింది. 180 మీటర్ల పొడవు, 12 వేల టన్నులకు మించిన బరువు, 112 గొట్టాలు.

ఒక్కొక్క నౌకనూ పక్కపక్కన పెట్టి చూస్తే విశాఖపట్నం తలదించుకోవాల్సిన పనిలేదు. బ్రహ్మోస్ వేగం, రాడార్ నాణ్యత ఏ దేశపు డిస్ట్రాయర్‌కూ తీసిపోవు. తేడా లెక్కలో ఉంది, కట్టే వేగంలో ఉంది. మన నాలుగు నౌకలకు ఒప్పందం నుంచి చివరి నౌక దాకా పద్నాలుగేళ్లు పట్టింది. చైనా ఎనిమిది టైప్ 055లను సుమారు మూడేళ్లలో దళంలో చేర్చింది. దాలియన్ షిప్‌యార్డు 2018 జులైలో ఒకే రోజు అలాంటి రెండు నౌకలను నీళ్లలోకి దించింది. ఇక 052డి తరగతి నౌకలు పాతిక దాటాయి.

ఇంకో తేడా అంతకన్నా లోతైనది. అది ఇంజిన్ గదిలో ఉంది. విశాఖపట్నాన్ని నడిపేవి నాలుగు గ్యాస్ టర్బైన్లు. గాలిని నొక్కి, అందులో ఇంధనం మండించి, ఆ వేడి వాయువుతో చక్రాలు తిప్పే యంత్రం ఇది. విమానాల జెట్ ఇంజిన్‌కు దగ్గర చుట్టం. ఆవిరి బాయిలర్ వేడెక్కడానికి గంటలు పడితే టర్బైన్ నిమిషాల్లో అందుకుంటుంది. జాగా కూడా తక్కువే తీసుకుంటుంది. అయితే దాని రెక్కలు లోహం కరిగే వేడికి చేరువలో, నిమిషానికి వేల చుట్లు తిరుగుతూ ఏళ్ల తరబడి నిలవాలి. ఆ లోహం తయారీ, ఆ రెక్కల పోత ప్రపంచంలో కొద్ది దేశాలకే తెలుసు. విశాఖపట్నం టర్బైన్లు ఉక్రెయిన్‌కు చెందిన జోర్యా మాష్‌ప్రోయెక్ట్ సంస్థవి. ఆ సంస్థ ఉన్న ఊరు మైకొలయివ్, అంటే రాజ్‌పుత్ పుట్టిన ఊరే.

చైనా కూడా ఆ ఊరికే వెళ్లింది. హార్బిన్ అనే డిస్ట్రాయర్‌కు అమెరికా టర్బైన్లు పెట్టుకుంది గాని, 1989 తియానన్‌మెన్ ఘటన తర్వాత అమెరికా ఆయుధ నిషేధంతో ఆ దారి మూసుకుపోయింది. తర్వాతి నౌకలకు మైకొలయివ్ టర్బైన్లు కొంది. ఊరికే కొని ఊరుకోకుండా తయారీ విధానం కూడా తెచ్చుకుని, తన కర్మాగారాల్లో చేయడం నేర్చుకుంది. 055 తరగతిని నడిపేవి అలా చైనాలో తయారైనవే. చైనా తొలి విమాన వాహక నౌక లియావోనింగ్ దూలం పడింది కూడా మైకొలయివ్‌లోనే. ఒకే ఊరి పనితనం రెండు దేశాల నౌకాదళాల్లోకి చేరింది. ఇంజిన్ విషయంలో ఒకరు తయారీ నేర్చుకున్నారు, మరొకరు ఇంకా కొంటున్నారు. 2022 ఫిబ్రవరిలో మొదలైన రష్యా దాడిలో మైకొలయివ్ మీద బాంబులు పడ్డప్పుడు, కొనుక్కునేవాళ్ల ఇబ్బంది ఏమిటో తెలిసొచ్చింది.

మన వైపు ప్రయత్నం లేకపోలేదు. యుద్ధ విమానం కోసం రూపొందించిన కావేరి ఇంజిన్‌ను నౌకలకు పనికొచ్చేలా మార్చి, విశాఖలో నౌకాదళ పరీక్షా వేదిక మీద 12 మెగావాట్ల దాకా నడిపి చూశారు. నౌక దాకా అది రాలేదు. నౌకాదళ టర్బైన్లను విప్పి, బాగుచేసి, మళ్లీ బిగించే కేంద్రం ఐఎన్ఎస్ ఎక్సిల కూడా విశాఖలోనే ఉంది. అంటే ఈ యంత్రాన్ని లోపలా బయటా ఎరిగిన చేతులు బరంపురం నుంచి నాలుగైదు గంటల రైలు ప్రయాణం దూరంలోనే ఉన్నాయి. నౌక దూలం, క్షిపణి, టార్పెడో ఒక్కొక్కటే నేర్చుకున్న నౌకాదళానికి నేర్చుకోవలసిన పెద్ద పాఠం ఇదొక్కటే మిగిలింది. తర్వాతి తరం డిస్ట్రాయర్ డిజైన్ పని ఇప్పటికే మొదలైంది. దాని ఇంజిన్ గదిలో మన యంత్రం ఉంటే తప్ప ఆ నౌక పూర్తిగా మనదని చెప్పడానికి వీల్లేదు.